ఏడో నంబరు నోటుబుక్కు

న్యూఢిల్లీ,
12 డిసెంబర్ 2004.

చిరంజీవి ప్రణతికి,

మామయ్య ఆశీస్సులు. ఢిల్లీ నుంచి పక్కనే ఉన్న ఫరీదాబాద్‌కి కూడా ఉత్తరమేనా అని మీ ఆయన మనోహర్ నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. నా పద్ధతి ముప్పై ఏళ్లుగా ఇదే. ఫోన్లో అన్నది రేపు నేను అనలేదనొచ్చు, కాగితం మీద పెట్టింది అనలేదనడానికి వీల్లేదు.

శుభవార్త ఏమిటంటే, మా పరిశోధన సంస్థ డైరెక్టర్ పదవికి వడపోతలో మిగిలిన ముగ్గురిలో నా పేరు ఉంది. ఏప్రిల్ ఆఖరులో ఇంటర్వ్యూ. ఈ మధ్య ఎన్ని వ్యాసాలు రాశావని మాత్రమే అడగడం లేదమ్మా. నీ వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో ఉదహరించారో చెప్పమంటున్నారు. సైటేషన్లు అంటారు వాటిని. మా లైబ్రేరియన్ శేషగిరి రెండు వారాలు కూర్చుని నా జాబితా తయారుచేశాడు. మొత్తం నూట పద్దెనిమిది వ్యాసాలు. వాటన్నిటిలో ఎక్కువసార్లు ఉదహరించింది దేన్నో తెలుసా? 97లో అచ్చయిన, ఢిల్లీ శివార్లలో కంకర కొట్టే రాతి క్రషర్ల వ్యాసం. నూట నలభై మూడు సైటేషన్లు, పదకొండు దేశాల నుంచి. నేనే ఆశ్చర్యపోయాను.

95 ఎండాకాలం నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు ఢిల్లీలో కటవారియా సరాయ్ గదిలో ఉండి పరీక్షలకి చదువుతున్నావు. క్రషర్లలో పనిచేసేవాళ్లంతా మన పాలమూరు వాళ్లని తెలిసి, తెలుగు వచ్చిన మనిషి కావాలని నిన్ను తీసుకెళ్లాను. రెండు వందల పన్నెండు మంది చేత ఊపిరి కొలిచే యంత్రంలోకి ఊదించావు. వడదెబ్బ తగిలి ఒక రోజు పడిపోయావు కూడా. వ్యాసం చివర కృతజ్ఞతల్లో నీ పేరుంది, చూసుకో. జాబితా నకలు జత చేశాను. మీ స్కూల్లో బయాలజీ పిల్లలకి చూపించు, మా టీచర్ ఇలాంటి పనిలో చెయ్యి వేసిందని వాళ్లూ అనుకుంటారు.

మీ అత్తయ్య ఛాయాదేవి గోంగూర పచ్చడి పెట్టింది. ఎవరైనా అటు వస్తుంటే పంపుతుంది.

మీ మామయ్య,
రామమోహనరావు


ఫరీదాబాద్,
20 డిసెంబర్ 2004.

మామయ్యకు నమస్కారాలు.

జాబితా అందింది. పిల్లలకి చూపించలేదు. ఎందుకు చూపించలేదో చెప్పాలంటే ఒక సంగతి రాయాలి. నెల రోజులుగా రాయాలా వద్దా అని ఊగిసలాడుతున్నాను. మీ జాబితా వచ్చాక ఇక ఊరుకోలేకపోయాను.

మా సెక్టార్ మూల మీద ఇస్త్రీ బండి పెట్టుకున్నామె పేరు అంజమ్మ. నేను అమ్మతో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని, నా మొహంలోకి తేరిపార చూసింది. "నువ్వు మాతోని గొట్టంల ఊదిచ్చిన పిల్లవు గాదా" అంది. తొమ్మిదేళ్ల తర్వాత గుర్తుపట్టింది, మామయ్యా. నేను గుర్తుపట్టలేదు.

ఆమె భర్త కనకయ్య. ముప్పై ఒక్క ఏళ్లు. క్రషర్లో పదేళ్లు పనిచేశాడు. ఇప్పుడు మంచం దిగి బయటి నల్లా దాకా వెళ్లడానికి రెండుసార్లు కూర్చుంటాడు. డిస్పెన్సరీలో టీబీ అన్నారు. టీబీ మందులు రెండు కోర్సులు మింగించారు, ఏమీ తగ్గలేదు. ఎక్స్‌రే చూసిన ఒక డాక్టరు ఇది టీబీ కాదు, సిలికోసిస్, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్న జబ్బు అన్నాడు. కానీ పరిహారం రావాలంటే అలా అని కాగితం ఇవ్వాల్సింది వైద్య బోర్డు. బోర్డు ఒప్పుకోలేదు. తిరస్కరించిన కాగితం అంజమ్మ చీరల మధ్య దాచుకుంది. దాన్ని చదివిపెట్టమని నాకు ఇచ్చింది.

అందులో రెండు కారణాలు రాశారు. మొదటిది: ఈ ప్రాంతపు క్రషర్లలో పదేళ్లకు మించి పనిచేసినవారిలో కూడా ఊపిరి సామర్థ్యం తగ్గలేదని ప్రామాణిక పరిశోధన తేల్చింది. కింద ఆ పరిశోధన పేరు, సంవత్సరం, రచయిత. మీరే. రెండోది: కనకయ్య అనే మనిషి క్రషర్లో పనిచేసినట్టు హాజరీ పుస్తకంలో లేదు.

ఆ కాగితాన్ని మీ శేషగిరి లెక్కలో వేశాడా?

రెండో కారణం నాకు అర్థం కాక, హాజరీలో పేరెందుకు లేదని అంజమ్మని అడిగాను. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "పుస్తకంల పేరు మా బావ నాగభూషణంది. అన్న దగ్గి దగ్గి పడిపోతె తమ్ముడు పోవాలె. తన పేరు మీద పోతె కొత్తోడని తీసుకోరు, జాగ పోతది. అందుకే అన్న పేరు మీదనే పోతడు. మాలో అందరు గట్లనే జేసిండ్రు. మీరు ఊదిచ్చిన దినం మా బావ గుడిసెల పన్నడు. ఊదింది మా ఆయన."

నాగభూషణం ఆ ఏడాది దీపావళికి ముందే పోయాడట. మన లెక్కలో మాత్రం ముప్పై ఆరేళ్ల వయసు, పదకొండేళ్ల అనుభవం, దివ్యమైన ఊపిరి. ఆ ఊపిరి ఇరవై ఒక్క ఏళ్ల తమ్ముడిది. అప్పటికి అతను పనిలో చేరి రెండేళ్లు కూడా కాలేదు.

జబ్బు పడ్డవాళ్లని గుడిసెల్లో వదిలేసి, వాళ్ల పేర్లతో వాళ్ల తమ్ముళ్లని కొలిచి, దుమ్ము వల్ల ఏమీ కాదని రాశాం. మీరు జర్నల్‌కి రాసి ఆ వ్యాసం వెనక్కి తీసుకోండి. నాకు కోపంగా ఉంది, కానీ మీకు చెబితే వింటారనే నమ్మకంతోనే రాస్తున్నాను.

ప్రణతి


న్యూఢిల్లీ,
2 జనవరి 2005.

ప్రణతికి,

నీ ఉత్తరం చదివాను. అందులోని స్వరం నాకు నచ్చలేదని ముందే చెబుతున్నాను.

నువ్వు బయాలజీ చదివావు. రెండు వందల పన్నెండు మంది మీద చేసిన అధ్యయనాన్ని ఇస్త్రీ బండి దగ్గర విన్న ఒక్క కథతో కొట్టిపారేయకూడదని నీకు తెలిసి ఉండాలి. హాజరీ పుస్తకం కంపెనీ అధికారిక రికార్డు. మేము దాన్ని ఆధారం చేసుకున్నాం, ఎవరైనా అదే చేస్తారు. యంత్రం సరిగ్గా ఉంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. పదకొండు దేశాల వాళ్లు ఎనిమిదేళ్లుగా చదువుతున్నారు. ఒక్కరూ తప్పు పట్టలేదు.

ఇంకో మాట. వయసు కాలమ్‌లో, అనుభవం కాలమ్‌లో అంకెలు వేసింది నీ చెయ్యి. నేను ఆఫీసులో కూర్చుని నువ్వు తెచ్చినవి చూశాను. నిన్ను నిందించడానికి ఇది రాయడం లేదు. వేలెత్తి చూపేముందు ఆలోచించమంటున్నాను.

ఆ మనిషి పరిస్థితి విని బాధగానే ఉంది. నాకు తెలిసిన ఛాతీ డాక్టరు ఉన్నాడు, చీటీ రాసి జత చేశాను, చూపించు. బోర్డు మా వ్యాసాన్ని ఎలా వాడుకుందో దానికి నేను బాధ్యుణ్ని కాను.

ఆశీస్సులతో,
రామమోహనరావు


ఫరీదాబాద్,
30 జనవరి 2005.

మామయ్యా,

ఒక్క కథ అన్నారు కదా. నాలుగు ఆదివారాలు గుడిసెల్లో తిరిగాను. ఆనాడు ఊదినవాళ్లలో ముప్పై ఎనిమిది మందిని పట్టుకున్నాను. మనోహర్ స్కూటర్ మీద తిప్పాడు. ముప్పై ఎనిమిదిలో ఇరవై రెండు మంది ఇంకొకరి పేరు మీద ఊదారు. అన్న పేరు మీద తమ్ముడు, బావ పేరు మీద బావమరిది, ఒకచోట తండ్రి పేరు మీద కొడుకు. ఆ ఇరవై రెండు పేర్ల అసలు మనుషుల్లో పదిహేను మంది పోయారు. ఇవి ఇస్త్రీ బండి కథలా?

తర్వాత ఢిల్లీలో పరిశోధన చేస్తూ జియా సరాయ్‌లో ఉంటున్న మా స్కూల్ ఫిజిక్స్ టీచర్ తమ్ముడి సాయంతో, మిమ్మల్ని ఉదహరించిన వ్యాసాలు దొరికినన్ని తెప్పించి చదివాను. నలభై చదివాను. ముప్పై నాలుగింటిలో మీ గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం, పదేళ్లు దాటినవాళ్లలో కూడా చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని. ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసుకున్నారు. వాటిలో పన్నెండు క్రషర్ల యజమానుల సంఘాలు డబ్బిచ్చి రాయించుకున్నవే, అడుగున చిన్న అక్షరాల్లో వాళ్లే ఒప్పుకున్నారు. మీరు పదకొండు దేశాల వాళ్లు చదివారని రాశారు. చదివినవాడు ఒక్కడైనా ఉంటే ఒక ప్రశ్న వేసేవాడు. ముప్పై ఆరేళ్లవాడు ఇరవయ్యేళ్లవాడిలా ఎలా ఊదాడు? మీ వ్యాసంలోనే ఉంది, పాతవాళ్ల ఊపిరి వాళ్ల వయసుకి ఉండాల్సిన దానికంటే ఎక్కువ వచ్చిందని. దానికి మీరు చెప్పిన కారణం పల్లెటూరి దేహదారుఢ్యం. అది రాస్తున్నప్పుడు మీకు సిగ్గు వేయలేదా?

ఇక నా చెయ్యి సంగతి. అవును, రాసింది నేనే. తొందరగా ముగించుకుని గదికి పోయి చదువుకోవాలని ఉండేది. ఎండలో ప్రతి మనిషినీ నీ పేరేంటి, నీ వయసెంత అని అడిగే ఓపిక లేక, మేస్త్రీ ఇచ్చిన పుస్తకం చూసి ఎక్కించేశాను. నా తప్పు నేను మోస్తాను. కానీ మీరు మర్చిపోయింది ఒకటుంది, గుడిసెల్లో తిరుగుతుంటే నాకు గుర్తొచ్చింది.

ఏడో నంబరు నోటుబుక్కు, ఆకుపచ్చ అట్ట. నాగభూషణం పేరున్న పేజీ అడుగున నేను రాశాను, ఇతను చూడ్డానికి ఇరవై దాటినట్టు లేడు, పక్కవాళ్లు కనకయ్య అని పిలిచారు, వయసు ఏం వేయమంటారు అని. మీరు ఆ సాయంత్రం నోటుబుక్కు చూసి పక్కన పెన్సిల్‌తో జవాబు రాశారు. ఏం రాశారో ఇద్దరికీ తెలుసు.

ఆ నోటుబుక్కు నాకు కావాలి. మీతో వాదించి గెలవడానికి కాదు. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చేత వేలిముద్ర వేయించాం కదా, పరీక్షకి ఒప్పుకున్నట్టుగా. నాగభూషణం పేరు పక్కన ఉన్నది కనకయ్య బొటనవేలు. కనకయ్య అనే మనిషి ఆ క్రషర్లో ఉన్నాడని చెప్పే కాగితం ఈ భూమ్మీద అదొక్కటే. మార్చి మూడున బోర్డు మళ్లీ వింటుంది. డిస్పెన్సరీ వాళ్లు మాత్రం వచ్చే సోమవారం, ఫిబ్రవరి ఏడు నుంచి టీబీకి మూడో కోర్సు మొదలుపెడతామంటున్నారు. ఈసారి వారానికి మూడు ఇంజెక్షన్లు కూడా, మొత్తం ఇరవై నాలుగు. బోర్డు కాగితం వచ్చేదాకా మందులు ఆపలేమన్నారు, క్రషర్లో పనిచేసినట్టు రుజువు చూపిస్తే ఇంజెక్షన్లు మాత్రం ఆపుతామన్నారు.

నోటుబుక్కు వెంటనే పంపండి.

ప్రణతి


న్యూఢిల్లీ,
9 ఫిబ్రవరి 2005.

ప్రణతికి,

పాత నోటుబుక్కులన్నీ 2001లో కొత్త భవనంలోకి మారినప్పుడు తీసిపారేశారు. నా దగ్గర ఏదీ లేదు. ఉన్నా, సంస్థ ఆస్తిని బయటికి ఇవ్వడం నా చేతిలో లేదు.

నువ్వు పిల్లవి. ఒక పేరు సంపాదించడానికి మనిషికి ఎంత కాలం పడుతుందో నీకు తెలియదు. ఏలూరు మునిసిపల్ స్కూల్లో నేల మీద కూర్చుని చదివినవాణ్ని. ఢిల్లీలో నా ఇంగ్లీషు విని నవ్వినవాళ్ల ముందు ముప్పై ఏళ్లు పనిచేశాను. ఇంకో రెండున్నర నెలల్లో ఇంటర్వ్యూ. అది అయ్యేదాకా ఆగు. తర్వాత తీరిగ్గా కూర్చుని ఏం చేయాలో ఆలోచిద్దాం. ఇది నా కోరిక అనుకో, ఆజ్ఞ అనుకో.

నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కటవారియా సరాయ్ నుంచి మోసుకొచ్చి నెల రోజులు నీ తల పక్కన కూర్చున్నది మీ అత్తయ్య. నీ కోపంలో దానికి చోటుందో లేదో చూసుకో. ఈ ఉత్తరాల సంగతి అక్కకి తెలిస్తే ఎంత బాధపడుతుందో కూడా చూసుకో.

రామమోహనరావు


ఫరీదాబాద్,
14 ఫిబ్రవరి 2005.

డాక్టర్ రామమోహనరావు గారికి,

అత్తయ్య నా తల పక్కన కూర్చుంది. ఆ ఋణం అత్తయ్యది, మీకు దాని మీద హక్కు లేదు. అమ్మకి నేనే చెప్పాను, మొత్తం చదివి వినిపించాను. బాధపడింది. మీరు అనుకున్న కారణానికి కాదు.

తీసిపారేశారా? 78లో మద్రాసు వెళ్లిన రైలు టికెట్టు కూడా అట్టపెట్టెలో దాచుకునే మనిషి మీరు. నేను ఎనిమిదో తరగతిలో రాసిన ఉత్తరం మొన్న ఒక పెళ్లిలో అందరి ముందూ చదివి నవ్వించారు. నోటుబుక్కు మీ ఇంట్లోనే ఉంది. మీరు అబద్ధమాడుతున్నారు. జీవితంలో మొదటిసారి మీకు ఈ మాట రాస్తున్నాను, కొట్టేయను.

ఆగమన్నారు. నేను ఆగగలను. ఆగలేనిది కనకయ్య. మీ ఉత్తరం రాసిన రోజున అతనికి రెండో ఇంజెక్షన్ పడింది.

జర్నల్ సంపాదకుడికి ఈ రోజే రిజిస్టర్ పోస్టులో రాశాను. మీ వ్యాసం చివర మీరు కృతజ్ఞతలు చెప్పిన ప్రణతిని నేనేనని, ఆ అంకెలు వేసింది నేనేనని, అవి తప్పని. ముప్పై ఎనిమిది మంది వివరాలు జత చేశాను. అచ్చు వేస్తే వేస్తాడు, లేకపోతే చెత్తబుట్టలో వేస్తాడు. నోటుబుక్కు గురించి అందులో రాయలేదు. అది మీరు చెప్పాల్సిన సంగతి.

ప్రణతి


ఫరీదాబాద్,
13 మార్చి 2005.

డాక్టర్ రామమోహనరావు గారికి,

మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మూడో తారీకున బోర్డు ముందుకి నేనూ వెళ్లాను. కనకయ్య పేరుతో ఒక్క కాగితమైనా చూపించమన్నారు. నేను నోటిమాటగా చెప్పింది వినలేదు. అంజమ్మ చెప్పబోతే హిందీలో చెప్పమన్నారు, హిందీలో చెబితే రాసి తెమ్మన్నారు. జూన్ రెండుకి వాయిదా వేశారు. అదే ఆఖరుసారి అట.

ఇంజెక్షన్లు పదిహేను అయ్యాయి. చెవుల్లో ఒకటే హోరుగా ఉందంటున్నాడు. డిస్పెన్సరీలో చెబితే అలాగే ఉంటుంది, కోర్సు మధ్యలో ఆపకూడదన్నారు.

ఏడో నంబరు నోటుబుక్కు, ఆకుపచ్చ అట్ట. మీకు గుర్తులేకపోతే అని.

ప్రణతి


న్యూఢిల్లీ,
8 మే 2005.

చిరంజీవి ప్రణతికి,

చిరంజీవి అని రాసే అర్హత ఉందో లేదో తెలియదు. అలవాటుగా రాశాను, కొట్టేయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం ఏప్రిల్ సంచికలో అచ్చయింది. నువ్వు చూసే ఉంటావు. అది నా ఇంటర్వ్యూకి పది రోజుల ముందు వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో రాయలేను. సొంత మేనకోడలు, నా చేత్తో పని నేర్పిన పిల్ల, నా గొంతు కోసిందని మీ అత్తయ్య ముందు అరిచాను.

ఇరవై ఏడున కమిటీ ముందు కూర్చున్నాను. ఆ రాతి క్రషర్ల వ్యాసం గురించి అడుగుతారని, ఏం చెప్పాలో మూడు రకాలుగా తయారుచేసుకుని వెళ్లాను. అధ్యక్షుడు జాబితా తిరగేశాడు. శేషగిరి ఎప్పటికప్పుడు సరిచేస్తాడు కదా, ఆ వ్యాసం ఎదురుగా నూట నలభై నాలుగు అని ఉంది. "ఎనిమిదేళ్ల తర్వాత, ఈ నెలలో కూడా మిమ్మల్ని ఉదహరిస్తున్నారు, డాక్టర్ రావ్. ఇంపాక్ట్ అంటే ఇది," అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. ఆ నూట నలభై నాలుగోది నీ ఉత్తరం. నా వ్యాసం తప్పని నువ్వు రాసినదాన్ని నా ఖాతాలో ఘనతగా వేశారు. వాళ్లలో ఒక్కడూ దాన్ని తెరిచి చూడలేదు, దాని శీర్షిక కూడా చదవలేదు.

నేను చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను. థాంక్యూ సర్ అన్నాను.

మూడో రోజున పదవి వచ్చినట్టు కాగితం వచ్చింది. స్వీట్లు తెచ్చాను. మీ అత్తయ్య డబ్బా ముట్టుకోలేదు. లోపలికి వెళ్లి స్టీలు బీరువాలో నా ఫైళ్ల కింద నుంచి ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. నీ ఉత్తరాలన్నీ చదివిందట, నేను ఆఫీసుకి వెళ్లినప్పుడు. "మీరు పంపుతారా, నేను ఫరీదాబాద్ బస్సెక్కనా?" అంది. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె నాతో ఆ గొంతుతో మాట్లాడటం ఎరగను. అప్పుడు కూడా వారం రోజులు నా బల్ల మీదే ఉంచుకున్నాను. ఈ ఉదయం ఆమె చెప్పులు వేసుకోవడం చూసి ఇది రాయడానికి కూర్చున్నాను. అంత పిరికివాణ్ని నేను. ఇదీ కాగితం మీద ఉండనీ.

పేజీ తెరిచి చూశాను. నీ ప్రశ్న ఉంది. పక్కన నా పెన్సిల్ రాత: హాజరీ పుస్తకం ప్రకారం వేసెయ్, ప్రశ్నలు వద్దు. కింద నా పొట్టి సంతకం. అప్పుడు నాకు అనుమానం రాలేదని చెప్పలేను. వచ్చింది. ప్రతి మనిషి పేరూ మళ్లీ అడగాలంటే వానలు వచ్చేస్తాయి, వ్యాసం ఒక ఏడాది వెనక్కి పోతుంది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

నోటుబుక్కు జత చేశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి రాసిన ఉత్తరం నకలు కూడా. అది చూసి పదవి ఉంచుతారో పీకేస్తారో నాకు తెలియదు.

రామమోహనరావు


ఫరీదాబాద్,
26 జూన్ 2005.

మామయ్యకు,

నోటుబుక్కు అందింది. అత్తయ్యకి నా నమస్కారాలు, ముందు ఆమెకి.

మీరు డైరెక్టర్‌గా చేరారని పేపర్లో చూశాను. ఫోటోలో దండ బాగుంది. మీ ఉత్తరం మాత్రం జర్నల్లో ఇంకా అచ్చు కాలేదు. మే ఎనిమిదిన నిజంగానే పోస్టు చేశారా, నకలు నాకు పంపి ఊరుకున్నారా? ఇలా అడగాల్సి వచ్చినందుకు నాకే అసహ్యంగా ఉంది. కానీ అడుగుతాను. రశీదు ఉంటుంది కదా, మీరు దాచుకునే మనిషి, దాని నకలు పంపండి.

మిమ్మల్ని క్షమించమని మీరు అడగలేదు. మంచిది. అడిగి ఉంటే క్షమించలేనని రాయాల్సి వచ్చేది. ఫిబ్రవరి తొమ్మిదిన నా దగ్గర లేదు అని రాసే బదులు, ఈ నోటుబుక్కుని అదే కవరులో పెట్టి ఉంటే డిస్పెన్సరీ వాళ్లకి చూపించి మూడో ఇంజెక్షన్ దగ్గర ఆపించేదాన్ని. ఇరవై నాలుగూ పడ్డాయి. ఆ మందు ఊపిరికి ఏమీ చేయలేదు, లేని టీబీని ఏం తగ్గిస్తుంది. చెవులు తీసుకుపోయింది. రెండు చెవులూ. ఇక రావట, మీరు పంపిన చీటీ పట్టుకుని వెళితే ఆ డాక్టరే చెప్పాడు.

నూట పద్దెనిమిది వ్యాసాల జాబితాలో దీన్ని ఎక్కడ వేస్తారో నాకు తెలియదు. శేషగిరిని అడగండి.

మీకు ఒక పని చెబుతున్నాను. అలాంటివాళ్లు ఇంకా ఇరవై ఒక్క మంది ఉన్నారు. ఇప్పుడు మీరు డైరెక్టర్, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగతా నోటుబుక్కులన్నీ పట్టుకుని, యంత్రం తీసుకుని, వచ్చే ఆదివారం రండి. మీరే రావాలి, ఇంకెవరినీ పంపొద్దు. ప్రతి గుడిసె ముందూ కూర్చుని నీ పేరేంటి, నీ వయసెంత అని మీరే అడగాలి. నేను పక్కన కూర్చుని రాస్తాను. మీరు వస్తే కాఫీ ఇస్తాను. మాట్లాడతానని మాత్రం చెప్పను.

జూన్ రెండున బోర్డులో ఏం జరిగిందో కూడా మీకు తెలియాలి. నోటుబుక్కు చూపించాను, మీ పెన్సిల్ రాతతో సహా. వాళ్లు కనకయ్య వేలిముద్ర తీసుకుని రెండూ నిపుణుడికి పంపారు. నాగభూషణం పేరు పక్కన ఉన్నది కనకయ్య వేలేనని పోయిన వారం తేలింది. ఇరవై నాలుగున మళ్లీ పిలిపించారు. కాగితం సిద్ధం చేశారు. సిలికోసిస్ అని, క్రషర్ పని వల్ల అని రాసి ఉంది. టీబీ మందులు ఆ రోజుతో ఆపేశారు.

వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. పదేళ్లు కనకయ్య పొద్దున్నే నాగభూషణం అన్న పిలుపుకి హాజరీ పలికాడు. మేస్త్రీ, గుమాస్తా, మనం, అందరం అతన్ని అన్న పేరుతోనే పిలిచాం. క్రషర్లో పనిచేసిన మనిషిగా ఒక ఆఫీసులో అతని సొంత పేరు పిలవడం అదే మొదలని అంజమ్మ నాతో అంది. పొద్దున్నే అతనికి తల దువ్వి, ఉతికిన చొక్కా తనే ఇస్త్రీ చేసి తొడిగింది.

బోర్డు గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి కాగితం చూసి "కనకయ్య" అని పిలిచాడు. కనకయ్య ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి విసుక్కుని అరిచాడు, వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అతను అలాగే కూర్చున్నాడు. అంజమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు కనబడేలా మెల్లగా చెప్పింది, "నిన్నే పిలుస్తుండ్రు."

ప్రణతి